ఇస్పేటు ఆరు

"వదినా, అన్న కొట్టేశాడు! టోనీ గాడి ముందున్నదంతా ఊడ్చేశాడు వదినా!" అని కాలేబు ఫోన్లో అరిచేసరికి నిస్సీ చేతిలో అప్పుడే కింద బేకరీ నుంచి తెచ్చిన ఖుబ్బూస్ రొట్టె ఉంది. కాగితంలో చుట్టినా వేళ్ళు చురుక్కుమనేంత వేడి. మూడంతస్తులు ఎక్కేలోపు ఒక అంచు తుంచి నోట్లో వేసుకోవడం, తుంచిన చోటు కనబడకుండా మడతపెట్టి గిడియోన్‌కి వడ్డించడం, అతను కనిపెట్టేసి "ఈ బిల్డింగులో ఎలుక తిరుగుతోందే" అనడం, పెళ్ళయి బహ్రెయిన్‌లో ఈ మహూజ్‌కి వచ్చిన ఈ నాలుగు నెలల్లో ఆమె పోగేసుకున్న సంతోషాల్లో అదొకటి. నోట్లో ముక్క ఉండగానే "దేవునికి స్తోత్రం" అనేసింది. మంచి మాట చెవిన పడగానే నోరు తనంతట తాను అనే మాట అది. మింగాక గాని తను విన్నదేమిటో తెలియలేదు.

"ఏ ముక్కలతో?" అంది.

"ఇస్పేటు రంగు వదినా! బల్ల మీద రాజూ తొమ్మిదీ నాలుగూ, అందులో రెండు ఇస్పేట్లు. నాలుగో ముక్కగా ఇస్పేటు రెండు పడింది చూడూ, నా గుండాగిపోయిందంటే నమ్ము."

"ఆసు ఆయన దగ్గరుందా?"

"ఆసెక్కడిది? ఆరూ అయిదూ! దమ్మంటే అదే కదా మరి. సలీం భాయ్ దగ్గర మూడు రాజులు. టోనీ గాడేమో ఇస్పేటు ఆసు పట్టుక్కూచున్నాడు గానీ దానికి తోడు ఇంకో ఇస్పేటు లేదు, ఎండిపోయాడు! అన్న బయల్దేరాడు వదినా. మా రూము వాళ్ళ దగ్గర తాకట్టు పెట్టిన ఫ్రిజ్ వెనక్కి ఇచ్చెయ్యమన్నాడు. మీ పెరుగు గిన్నె మా రూములోనే ఉంది, కడిగి పెట్టాను."

కాలేబు గిడియోన్‌కి బాబాయి కొడుకు, మామీర్ దగ్గర కార్మికుల క్యాంపులో ఉంటాడు, గురువారాలు అన్న వెనకాలే అమ్వాజ్‌లో టోనీ ఫ్లాటుకి వెళ్ళి గోడకానుకుని పేకాట చూస్తాడు. ఫోన్ పెట్టేశాక గదిలో ఏసీ రొద ఒక్కటే మిగిలింది. ఆ ఏసీ నుంచి బొట్టుబొట్టుగా పడే నీళ్ళు పట్టడానికి ఆమె కిటికీ బయట ఒక పాలపొడి డబ్బా కట్టింది, ఆ నీళ్ళతో ఇంకో డబ్బాలో కొత్తిమీర పెంచుతోంది, ఎడారి గాలిలోంచి పిండిన నీళ్ళతో కొత్తిమీర అని నరసాపురంలో చెల్లెలికి రాసింది కూడా. డబ్బా నిండినట్టుంది, చప్పుడు మారింది. లేచి వంచాలి. లేవలేదు. నాలుగుంపావు. గురువారం సాయంత్రం అమ్వాజ్ నుంచి రావాలంటే ముహర్రక్ దాటేసరికే బళ్ళన్నీ బారు తీరి ఉంటాయి, దార్లో ఎక్కడో ఆగి ఏదో కొంటాడు, గెలిచిన రోజు కొనకుండా రాడు, గెలిచిన రోజంటూ ఇదివరకు ఒక్కటే ఉంది, ఆ రోజు గాజు చేప తెచ్చాడు, టీవీ మీద ఉందిప్పుడు, నోరు తెరుచుకుని. అయితే గంట. అతను వచ్చేలోపు ఒక గంట ఉంది తన చేతిలో, మొహం సర్దుకోవడానికి. ఎందుకంటే మొహం మీదికి రావలసింది నవ్వు, వస్తున్నది అది కాదు. మొగుడు గెలిచాడని విని దిగులుపడిన పెళ్ళాం ఈ బహ్రెయిన్ మొత్తానికి తనొక్కతేనేమో.

వారం కిందట, ఇదే మంచం మీద కూర్చుని, ఫ్రిజ్ పోయిన మూలలో తడి మరక ఇంకా ఆరకుండానే అతను బైబిలు మీద చెయ్యి పెట్టాడు. ఆమె పెట్టించలేదు, తనే పెట్టాడు. "వచ్చే గురువారం ఓడిపోతే ఖలాస్, నిస్సీ. జన్మలో ముక్కలు ముట్టను." ఆమె సరేనంది. అనేముందు లెక్కేసింది, పాపం చేసిందా అంటే అదే చేసింది, లెక్కేసింది. బీఎస్సీ మేథ్స్ చదివినందుకు దేవుడు ఇచ్చిన వరం, ఏ మాట విన్నా వెనకాల ఒక భిన్నం కనబడుతుంది. టోనీ, సలీం, ఆ ముసలి కాంట్రాక్టరు మూర్‌ఖెడ్, ముగ్గురూ వెర్రి ఆటగాళ్ళు, మధ్యలో గిడియోన్, అతని తొందర. పదింట ఎనిమిదిసార్లు ఓడిపోతాడు. పదింట ఎనిమిది అంటే చేతికి వచ్చినట్టే. వారమంతా ఆ ఎనిమిదిని కొంగున ముడేసుకుని తిరిగింది, పాడుకుంటూ అంట్లు తోమింది, కొత్తిమీరకి రెండు కొత్త ఆకులొస్తే అతన్ని లాక్కొచ్చి చూపించింది, ఓడిపోయి ఇంటికొచ్చిన మనిషికి ఏం వండాలో కూడా అనుకుంది, పులుసు, చింతపండు పులుసు, నోటికి బాగుంటుంది. ఇప్పుడు పొయ్యి మీద ఆ పులుసే ఉంది. గెలిచినవాడికి పెట్టాలి దాన్ని.

ఆట ఆమెకి నేర్పింది అతనే. వచ్చిన రెండోవారం. ఒమాహా అంటే ఒమాన్ వాళ్ళ ఆటేమో అనుకుంది, అతను నవ్వి నవ్వి మంచం మీంచి జారాడు. అమ్వాజ్‌లో ఎవరి ఫ్లాటులో ఏసీ పాడైనా అతనే వెళ్ళాలి, అలా టోనీ ఇంటికి ఏసీ బాగుచెయ్యడానికి వెళ్ళి నిచ్చెన మీద నుంచి ఆట చూశాడట, పై నుంచి నలుగురి ముక్కలూ కనబడుతుంటే ఇంత సులువా అనిపించిందట. ఎంత మాట. అందరి ముక్కలూ కనబడితే ఎవరికి సులువు కాదు? అప్పుడు మాత్రం ఆమెకి ఆ మాట కూడా ముద్దుగానే ఉంది. దుప్పటి మీద పేక పరిచి చెప్పాడు, మనిషికి నాలుగు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు, ముందు మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఒకటి. చేతిలోంచి సరిగ్గా రెండే వాడాలి, బల్ల మీద నుంచి మూడు. ఆ అయిదూ వరసగా కలిస్తే వరస, అయిదూ ఒకే గుర్తయితే రంగు, రంగే పెద్దది. మధ్యలో ఎంత పడి ఉంటే ఒక్కసారి అంతవరకే పెంచొచ్చు, దాన్ని పాట్ అంటారు. ఆమె చేతికి జాకీ, పది, ఏడు, ఆరు వచ్చాయి, దుప్పటి మీద తొమ్మిది, ఎనిమిది, రెండు. "ఏమీ లేదు నా దగ్గర" అని మూతి ముడిచింది. "ఏమీ లేకపోవడమా? లెక్కపెట్టు" అన్నాడు. లెక్కపెట్టింది. రాణి వస్తే వరస, జాకీ వస్తే వరస, పది వస్తే, ఏడు వస్తే, ఆరు వస్తే, అయిదు వస్తే. కనబడని నలభై అయిదింటిలో ఇరవై ముక్కలు తనవి. ఇంకా రెండు ముక్కలు పడాలి గనక పదింట ఏడుసార్లు వరస కలుస్తుంది. చేతిలో జత కూడా లేని మనిషి, జతలు పట్టుకుని మీసం మెలేసేవాడికంటే పైన ఉంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఆమెకి, అంత సంతోషం. ఇంకా ఏమీ కాకపోవడం, కాబోతూ ఉండటం, అదే ఎక్కువ బలమని ఎవరైనా కాలేజీలో చెప్పారా? తామిద్దరూ అదే కదా అనిపించింది. ఫ్లాటులో మంచం, బల్ల, రెండు కుర్చీలు, ఒక బిందె. ఏమీ లేదు. కానీ ఏ ముక్క పడినా కలిసేలా ఉన్నారు. అతని భుజం మీద వేలితో ఇరవై అని రాసింది. అతను నిద్రలోనే గీరుకున్నాడు.

తర్వాత తనే లెక్కలు కట్టి ఇచ్చింది, సిగ్గు లేకుండా, మురిసిపోతూ. శుక్రవారం ప్రార్థనకి కూడే ఫెలోషిప్ పాటల కాగితం వెనక, గుండ్రటి అక్షరాలతో. ఎదుటివాళ్ళు చేతికొచ్చిన ప్రతిదానితోనూ పాట్ పాట్ అని అరిచేవాళ్ళయితే వాళ్ళని బెదిరించి లేపాలని చూడకూడదు, వాళ్ళు లేవరు. లేవనివాళ్ళతో ఆడేటప్పుడు కలవాల్సింది కలవాలి, అంతే, వేరే దారి లేదు. కలిస్తే వాళ్ళే తెచ్చి పోస్తారు. అందుకని పది పన్నెండు ముక్కల ఆశ ఉంటేనే నిలబడాలి. కలిస్తే మీదే అన్నిటికంటే పెద్దదై ఉండాలి. ఈ చివరి మాట కింద రెండు గీతలు గీసింది. ఆసు లేని రంగు కోసం ఒక్క ఫిల్సు పెట్టకండి, నలుగురు నాలుగేసి ముక్కలు పట్టుకున్న ఆటలో మీకు చిన్న రంగు కలిసిన రోజే ఇంకొకడికి పెద్ద రంగు కలుస్తుంది, కలవకపోతే కొంచెం పోతుంది, కలిస్తే మొత్తం పోతుంది. అది వంటింటి అలమర తలుపుకి లోపలివైపు అంటించింది, చక్కెర డబ్బా తీసేటప్పుడల్లా కనబడుతుంది. అతను చదివి ముద్దు పెట్టుకున్నాడు, కాగితాన్ని కాదు. ఆ తర్వాత చదివినట్టు లేదు. గురువారం ఇంటికి రావడం, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టడం, "చూడు, నా దగ్గర డైమన్ తొమ్మిది ఎనిమిది, టోనీ పాటన్నాడు, నేను ఊరుకుంటానా". ముందు వారాల్లో ఆమె దగ్గరగా జరిగి వినేది, అతని మోకాలికి తన మోకాలు తగిలేది. ఎప్పటినుంచి తగలడం మానేసింది? ఆమె పుట్టినరోజున అన్నం ముందు కూర్చుని అతను అప్పడాన్ని నాలుగు ముక్కలు చేసి కళ్ళార్పకుండా చూశాడు. అప్పుడేనేమో. లేకపోతే ఫ్రిజ్ దించుకుపోయిన రోజు, కాలేబూ ఇంకొకడూ మోస్తుంటే లోపల పెరుగు గిన్నె ఉందని చెప్పడానికి నోరు రాక మెట్లదాకా వెనకాలే నడిచిన రోజు. పెరుగు తోడుకుంటోందప్పుడు. కదపకూడదు.

ఇక ప్రార్థన సంగతి. ఆ మాట గుర్తు రాగానే నిస్సీ ఖుబ్బూస్‌ని బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పోయిన శుక్రవారం ఫెలోషిప్‌లో ఆడవాళ్ళ కూటమి అయ్యాక జీవమ్మ ఆంటీ అడిగింది, మొహం అలా ఉందేమిటమ్మా అని. మా ఆయన జూదమాడుతున్నారాంటీ అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నాలుగూ గొంతులోకి వచ్చాయి. పక్కన రోజీ అక్క ఉంది, చంటిదాన్ని ఊపుతూ వింటోంది. "గురువారం మధ్యాహ్నం ఆయనకి పనిలో ఒక ముఖ్యమైన విషయం తేలబోతుందాంటీ" అంది నిస్సీ. అంతే, ఆంటీ సంచిలోంచి పుస్తకం తీసింది. ఎవరికి కష్టమొచ్చినా ఆ ఫెలోషిప్‌లో గొలుసు ప్రార్థన పెడతారు, గంటకొకరు, ఒకరు లేచేసరికి ఇంకొకరు మోకరించాలి, తెగకూడదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు మేడమ్ పడుకున్నప్పుడు బాత్రూములో నిలబడి చేస్తారు, ఆస్పత్రిలో నర్సులు మందుల గదిలో. బుధవారం రాత్రి రెండింటి నుంచి గురువారం సాయంత్రం నాలుగింటి దాకా పద్నాలుగు మంది పేర్లు ఎక్కాయి. ఏ విషయమని ఎవరూ అడగలేదు. మంచివాళ్ళు అలాంటివి అడగరు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. మూడింటి నుంచి నాలుగింటి దాకా గంటని జీవమ్మ ఆంటీ తనే ఉంచుకుంది, అరిగిన మోకాళ్ళతో. ఆంటీ ఎప్పుడూ జయం కోసమే ప్రార్థిస్తుంది, గట్టిగా, వరసగా మూడుసార్లు, జయం, జయం, జయం. ఆ గంటలోనే కదా పడింది ఇస్పేటు రెండు. పద్నాలుగు మంది గెలిపించమని అడిగారు, తనొక్కతే ఓడించమని అడిగింది, వంటింట్లో, పులుసు కలుపుతూ. పరలోకంలో లెక్కలు ఎలా చూస్తారో తెలియదుగానీ పద్నాలుగుకి ఒకటి అంటే ఆమెకే నవ్వొచ్చింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఆంటీయే.

"వందనాలమ్మా నిస్సీ. నాలుగు దాటాక కూడా లేవబుద్ధి కాలేదే. ఏదో తేలికైపోయింది లోపల. జవాబొచ్చిందా తల్లీ?"

"వచ్చిందాంటీ."

"అనుకున్నాను! చూశావా! మోకాళ్ళు కదలటంలేదు గానీ పర్లేదు, బామ్ రాసుకుంటాను. రేపు సాక్ష్యం చెప్పాలి మరి, ఒప్పుకుంటావా? అందరూ నీకోసం నిద్ర మానుకున్నారు. వాళ్ళకీ తెలియాలి కదమ్మా దేనికోసం అడిగారో."

"అవునాంటీ" అంది నిస్సీ. "తెలియాలి."

దేనికోసం అడిగారో. కిటికీలోంచి ఎండ జరిగి ఫ్రిజ్ లేని మూలకి వచ్చింది, అక్కడ గోడ మీద చదరంగా తెల్లటి మచ్చ, చుట్టూ మసి. పిట్ట ఒకటి వచ్చి కొత్తిమీర పొడిచి పోయింది. రోజూ వస్తుంది, దానికి ఆమె పేరు కూడా పెట్టింది, ఇవాళ పేరు గుర్తు రాలేదు. మూడు రాజులకి ఎదురుగా ఆరూ అయిదూ. బల్ల మీద రాజు, తొమ్మిది, నాలుగు. లెక్క తనంతట తానే నడుస్తోంది, ఆపితే ఆగదు. నాలుగింట ఒకసారి. ఎంత లాగినా నాలుగింట ఒకసారే. టోనీ ఆసుకి తోడు ఇంకే ఇస్పేటు ఉన్నా ఆ ఒకటీ లేదు. ఇప్పుడా ఒక్కసారి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది, అతను ముసలివాడయ్యేదాకా ఈ ఇంట్లోనే తింటుంది. ఓడిన పది చేతుల్ని మరిచిపోతాడు, ఈ ఒక్క చెయ్యిని పిల్లలకి కూడా చెబుతాడు. ఒకవేళ ఓడిపోయి ఉంటే? ఇక్కడ ఆమె మనసు కాస్త ఆగింది, అడుగు తడబడినట్టు. ఓడిపోయి, తల దించుకుని వచ్చి, పులుసు తిని, ఒట్టు నిలబెట్టుకుని. ఎన్ని రోజులు? రంజాను నెలలోనూ మానేస్తానన్నాడు, టోనీ వాళ్ళు ఆడరు గనక. ఏసీ పాడైందని అమ్వాజ్ నుంచి ఒక్క ఫోన్ వస్తే చాలు. తనకి రావలసిన ముక్క వచ్చినా అతని దగ్గర ఇంకా పెద్దది ఉండేది. రెండు గీతలు గీసి మరీ రాసిన మాట. తొమ్మిది ఎనిమిదితో ఆసుకి ఎదురు నిలబడొద్దని మొగుడికి చెప్పిన పిల్ల, మొగుడు ఓడిపోవడం అనే ఒక్క చిన్న ముక్క కోసం వారమంతా నోరు మూసుకుని నిలబడింది. వద్దండీ అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఈ కొత్తకాపురపు వెన్నెల పాడైపోతుందని, గాజు చేపా, ఎలుక మాటా, మోకాలికి మోకాలూ అన్నీ పోతాయని. అతను డబ్బు పెట్టాడు. తను పెట్టింది పద్నాలుగు మంది మోకాళ్ళు. ఎవరి ఆట పెద్దది?

లేచింది. ముందు డబ్బాలో నీళ్ళు కొత్తిమీరకి వంచింది, పిట్ట పొడిచిన కొమ్మ నిలబెట్టి పుల్ల ఆనించింది, ఆ పని చేస్తున్నంతసేపూ వేళ్ళకి సంతోషంగానే ఉంది, వేళ్ళకి ఏం తెలుసు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అలమర తెరిచి చక్కెర డబ్బా పక్కకి జరిపి కాగితం అంచు గోటితో లేపింది. చిరక్కుండా వచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. తాళం తిరిగే లోపలే అతని గొంతు.

"నిస్సీ! ఆరూ అయిదూ! నువ్వొద్దన్న ఆరూ అయిదూ!" చెప్పులతోనే లోపలికి వచ్చి, కునాఫా మిఠాయి డబ్బా బల్ల మీద పడేసి, ఆమెని నడుం దగ్గర పట్టి ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. అతని మెడ దగ్గర చెమటా, ఎవరిదో సిగరెట్టూ, ఆ కింద ఇంకా అతనిదే అయిన వాసన. నాలుగు నెలలుగా ఆమెకి ప్రాణమైన వాసన. కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణం.

"మరి ఒట్టు?" అంది, కాళ్ళు నేలకి ఆనాక.

"ఓడిపోతే అన్నాను. ఓడిపోయానా? నువ్వే చెప్పు, ఓడిపోయానా?" గలగలా నవ్వాడు. "రేపు ఫెలోషిప్ అవ్వగానే నేను అట్నుంచటే అమ్వాజ్ పోతాను. టోనీ గాడు వదలట్లేదు, రావాల్సిందే అన్నాడు. నువ్వు రోజీ అక్కతో వచ్చెయ్. ముందు దశమభాగం కవర్లో పెట్టు, దేవుడిది దేవుడికి ఇచ్చెయ్యాలి. జీవమ్మ ఆంటీ ఫోన్ చేసింది దార్లో, సాక్ష్యం చెప్పాలంట. నాలుగు ముక్కలు రాసిపెట్టవే, ఆగిపోయిన ఓవర్‌టైం వచ్చిందని రాయి. నిలబడితే నాకు నోరు పెగలదు, తెలుసుగా."

నిస్సీ చల్లారిపోయిన ఖుబ్బూస్ తీసుకుని, అతను చూస్తుండగా, అంచు తుంచి నోట్లో వేసుకుంది. మడత పెట్టలేదు. అతను ఎలుక మాట అనబోయి, ఆమె చేతిలో కాగితం చూసి ఆగాడు.

"రాయక్కర్లేదండీ. రేపు సాక్ష్యం నేనే చెప్తాను."

"నువ్వా?" మొహం వెలిగింది. "భలే. చదువుకున్నదానివి, నువ్వైతేనే బాగుంటుంది. ఏమని చెప్తావ్?"

"ఇవాళ మధ్యాహ్నం మూడు దాటాక ఆంటీ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మీ చేతిలో ఏ ముక్కలున్నాయో చెప్తాను. ఇస్పేటు ఆరు దగ్గర మొదలుపెడతాను. టోనీ పేరూ చెప్తాను, ఫ్రిజ్ ఎటు పోయిందో చెప్తాను, ఈ కాగితం వెనక ఉన్నది నా చేతిరాతేనని కూడా చెప్తాను." కాగితాన్ని బైబిల్లో పెట్టి మూసింది. "పదింటికి ఫెలోషిప్. తొమ్మిదికల్లా తయారవ్వండి. ఆంటీకి చెవులు సరిగ్గా వినబడవు, నేను ముందుగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోవాలి."